ఆది జాకెట్టు

రుయా ఆసుపత్రికి ఎదురుగా నా జిరాక్సు అంగడి.
పదడుగుల వెడల్పు, రెండు కంప్యూటర్లు,
మెడ తిరగని ఫ్యాను.
స్కానింగు కాయితాలు, ఆధార్ నకళ్లు, రక్తం లెక్కలు,
ఊళ్లోని జబ్బులన్నీ నా చేతుల మీదుగానే
వేడివేడిగా బయటికొస్తాయి.

చదవను.
చదవొద్దని ఎవురూ చెప్పలేదు.
మా అమ్మ పుత్తూరులో జాకెట్లు కుట్టేది, అంతే.

ఆ పిల్ల ఏర్పేడు నుంచి వచ్చింది.
తానే కూర్చుని
రెండక్షరాలు కొట్టి, వెనక్కి చూసి,
మూడోది కొట్టింది.
ఒక్క పేజీ ప్రింటు తీసుకుని
నాలుగు మడతలు పెట్టింది.
చిల్లర లేదంటే
వద్దులేక్కా అని వెళ్లిపోయింది.

అదే కుర్చీలో వాళ్ల ఊరాయన కూర్చున్నాడు,
పింఛను కాయితం కోసం.
ఒక్కటంటే ఒక్కక్షరం కొట్టినాడు.
మిగతాది కంప్యూటరే పూర్తిచేసింది,
ఆ పిల్ల మాటలతో.
పక్కన ఓ మూల, పరీక్ష చేసుకునే కిట్ల బొమ్మలు
పళ్లు కనబడేలా నవ్వతా ఉండాయి.

"ఇప్పుడిక్కడ ఎవురు కూర్చున్నార్మా?"
"ఎవురో తెలీదన్నా."
ఎదురుగా, ఆటో కోసం చెయ్యెత్తి
ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది.

అబద్ధమాడడం నాకొచ్చు.
ఆ పెట్టెకు ఆ పాటి మర్యాద ఎవురూ నేర్పలా.

రాత్రి షట్టరు సగం దించి
ఖాదర్‌వలీకి ఫోన్ చేసినా.
కొర్లగుంట నుంచి వచ్చినాడు, జేబులో చిన్న పెన్‌డ్రైవు.
"ఇది ఊరికే వస్తుందక్కా,
ఊరికే మన దగ్గిర ఏదీ తీసుకోదు."
"పాతది మాత్రం? దానికీ నేను పైసా కట్టలేదే?"
"నువ్వు కట్టలేదు.
ఆ పిల్ల కట్టింది."

మూడు రోజులు ప్రింటరు పలకలేదు.
పెళ్లిపత్రికల అక్షరాలు
ఒత్తులు ఊడి, దీర్ఘాలు పక్కకు వాలి,
పుత్తూరు కట్టు కట్టించాలేమో అన్నట్టుండాయి.
రెండు ఆర్డర్లు పక్కంగడికి పోయినాయి.
ఆ గుండ్రటి రంగుల బొమ్మ ఏదని
వచ్చినోళ్లందరూ అడిగినారు.
సర్కారు సైటొకటి ఇందులో తెరుచుకోనే లేదు.
అందుకే రెండో కంప్యూటరు పాతదే ఉంచినా.
దాని నెత్తిన ఒక అట్టముక్క అంటించినా:
"ఇది అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. చూసి కొట్టండి."
చదివి నవ్వేవాళ్లే ఎక్కువ.

మా అమ్మ దగ్గరికి
ఆడవాళ్లు ఆది జాకెట్టు తెచ్చిచ్చేవాళ్లు.
చంక కింద చెమట మరక,
భుజం దగ్గర ఎవురో లాగినట్టు చినుగు,
పాలిచ్చే తల్లి అయితే ముందరివైపు గట్టిపడిన చార.
అమ్మ చూసేది. చూడకుండా కొలవలేదు కదా.
నోటుబుక్కులో అంకెలు మాత్రం రాసుకునేది.
ఫలానా ఆమె ఒళ్లు చేసిందంట కదా అని
ఎవురైనా కదిలిస్తే
నోట్లో సూది పెట్టుకునేది.
సూది పట్టుకున్న నోరు మాట్లాడదు గదా.

కొత్తదాంతో పాటు ఆదిదీ తిరిగిచ్చేసేది,
మరక లోపలికి పోయేట్టు మడిచి.

నిన్న ఒకాయన వచ్చి కసురుకున్నాడు:
"మొన్న నేను వెతికింది ఇందులోనే ఉండాలే,
తియ్యి మే."
"లేదన్నా. మొదట్నుంచి కొట్టుకోవాల."
"ఏం కంప్యూటరబ్బా ఇది, మతిమరుపుది!"

అవునన్నా అని
ఆయన లేచిపోయిన కిటికీని మూసేసినా.
తెర మీద ఎవురి వేలిముద్రో జిడ్డుగా మిగిలుంటే
కొంగుతో తుడిచినా.
బయట ఏర్పేడు బస్సు హారను కొడతా ఉండాది.